వాన తొడుగుతో సొంత రికంబెంట్ సైకిల్: ఏ రూపాన్ని ఎంచుకోవాలి?

వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాచి తొక్కే రికంబెంట్ సైకిల్‌ను సొంతంగా కట్టుకోవాలనుకునేవారిలో చాలామంది ముందు చట్రం గీస్తారు, గొట్టాలు కోసి వెల్డింగ్ చేయిస్తారు, కొన్ని వారాలు సంతోషంగా తొక్కుతారు, మొదటి వానలో తడిశాక పైన ఏదైనా కప్పు వేద్దామని ఆలోచిస్తారు. అప్పటికే ఆలస్యమై ఉంటుంది. మోకాళ్లు ఎంత ఎత్తుకు లేస్తాయో, మడమలు ఎంత కిందికి దిగుతాయో, ముందు చక్రం తిరిగినప్పుడు ఎంత చోటు ఊడుస్తుందో, చేతులు ఒళ్లో ఉంటాయో తుంటి పక్కన ఉంటాయో, ఇవన్నీ చట్రంతోనే తేలిపోతాయి కాబట్టి తొడుగు ఆ కొలతలకు లొంగి, కావలసిన దానికంటే వెడల్పుగా, ఎత్తుగా, బరువుగా తయారవుతుంది. అందుచేత ఈ వ్యాసంలో ఎంపికల క్రమాన్ని తిరగేస్తున్నాను. తొడుగు ఎందుకో, ఎంత మేరకో ముందు తేల్చుకుని, ఆ తరువాతే చక్రాల సంఖ్య, చట్రం రూపం, పదార్థం నిర్ణయించుకోవాలి.

ఈ యంత్రాల చరిత్ర మనసును కాస్త తప్పుదారి పట్టిస్తుంది. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి సైక్లిస్టు, చార్లెస్ మోషే తయారు చేసిన రికంబెంట్‌పై గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లి, 1914 నుంచి నిలిచిన రికార్డును దాటాడు. మరుసటి సంవత్సరమే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఈ రూపాన్ని తన పోటీల నుంచి బయటపెట్టింది. 2016లో అమెరికాలోని బ్యాటిల్ మౌంటెన్ దగ్గర టాడ్ రైకర్ట్ పూర్తిగా మూసిన రికంబెంట్‌లో, సమతల రోడ్డుపై, కేవలం కాళ్ల బలంతో గంటకు 144.17 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాడు. ఆ చిత్రాలు చూసినవారికి కోడిగుడ్డులా నున్నని గుల్ల కట్టాలనే కోరిక పుట్టడం సహజం. అయితే ఆ వాహనానికి కిటికీ కూడా లేదు. లోపలి మనిషి కెమెరా తెర చూస్తూ నడుపుతాడు, బయలుదేరేటప్పుడు పట్టుకోవడానికీ ఆగేటప్పుడు అందుకోవడానికీ వేరే మనుషులు కావాలి. రోజూ పనికి వెళ్లివచ్చేందుకు, వానలో తడవకుండా ఉండేందుకు కట్టుకునే బండికి దాని నుంచి నేర్చుకోవలసింది తక్కువ.

తొడుగు వల్ల నిజంగా ఎంత లాభం

గాలి నిరోధాన్ని జయించడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. వాహనం ఎదుటి వైశాల్యాన్ని దాని రూపపు గుణకంతో గుణిస్తే వచ్చే సంఖ్య నిటారుగా కూర్చునే మామూలు సైకిల్‌కు సుమారు 0.55 చదరపు మీటర్లు, తొడుగు లేని రికంబెంట్‌కు సుమారు 0.25, అనుభవజ్ఞులు అచ్చుల్లో పోసి చేసిన పూర్తి గుల్లకు సుమారు 0.10 ఉంటుంది. ఇంట్లో షీట్లు వంచి చేసే కోణాల తొడుగు 0.15 నుంచి 0.18 మధ్య వస్తే సంతోషించాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఒక్క గాలికే మామూలు సైకిల్ సుమారు 190 వాట్లు, తొడుగు లేని రికంబెంట్ 87, ఇంటి తొడుగు ఉన్నది 50 నుంచి 60, నున్నని గుల్ల 35 వాట్లు అడుగుతాయి. సాధారణ ఆరోగ్యవంతుడు గంటసేపు నిలకడగా ఇవ్వగలిగేది 100 వాట్ల అటూఇటూ అని గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఇదే లెక్క గంటకు 15 కిలోమీటర్ల దగ్గర వేస్తే తొడుగు లేని రికంబెంట్‌కు గాలి ఖర్చు 11 వాట్లే, తొడుగు వేస్తే 7. మిగిలేది నాలుగు వాట్లు. ఎత్తుకు ఎక్కేటప్పుడు పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. నూటికి ఐదు చొప్పున ఎత్తు పెరిగే రోడ్డుపై గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు బండికి చేరిన ప్రతి 20 కిలోల అదనపు బరువూ సుమారు 27 వాట్లు మింగుతుంది, ఆ వేగంలో తొడుగు తిరిగి ఇచ్చేది ఒకటి రెండు వాట్లు మాత్రమే. కాబట్టి మీరు తిరిగే దారి సమతలంగా, ఆగకుండా సాగేదైతే పూర్తి తొడుగు వైపు మొగ్గు చూపండి. దారి నిండా మలుపులు, ఎత్తులు, ప్రతి అర కిలోమీటరుకూ ఆగవలసిన కూడళ్లు ఉంటే వేగం ఆశ వదులుకుని, వాన నుంచి రక్షణ ఒక్కటే లెక్కలోకి తీసుకోండి. అప్పుడు తేలికైన సగం తొడుగే సరైనది.

రెండు చక్రాలా, మూడా

తొడుగు పాక్షికంగా ఉండి, ముందు ఒక గాజులాంటి అడ్డు, వెనుక ఒక సామాను పెట్టె మాత్రమే అయితే రెండు చక్రాల రికంబెంట్ చక్కగా సరిపోతుంది. అది తేలిక, ఇరుకు, ఇంటి తలుపులోంచి లోపలికి తీసుకురావచ్చు, చైను దారి మూడు చక్రాల బండి కంటే సరళంగా ఉంటుంది. పక్కలు కూడా మూసేయాలనుకుంటే మాత్రం రెండు చక్రాలు నాకు నచ్చవు, దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది పక్కగాలి. పూర్తిగా మూసిన బండి పక్కభాగం 1.3 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి దానిని పక్కనుంచి కొడితే ఇంచుమించు పది కిలోల బరువు తోసినట్టు ఉంటుంది, అది కూడా నిలకడగా కాకుండా, గోడ చాటు నుంచి ఖాళీ స్థలంలోకి వచ్చిన క్షణంలో దెబ్బలా వచ్చి తగులుతుంది. రెండవది, ఆగినప్పుడు కాలు కింద పెట్టాలి. కాలు బయటకు రావడానికి తొడుగులో తలుపులో రంధ్రాలో వదలాలి, వాటిలోంచే నీళ్లు లోపలికి వస్తాయి.

మూడు చక్రాల్లో మళ్లీ రెండు దారులున్నాయి. ముందు రెండు, వెనుక ఒకటి ఉండే అమరికను టాడ్‌పోల్ అంటారు. ముందు ఒకటి, వెనుక రెండు ఉండేది డెల్టా. ఏది మంచిదనే వాదన ఎంతకాలం సాగినా తెగదు గానీ, తొడుగు దృష్టితో చూస్తే సమాధానం కొంత స్పష్టంగా కనిపిస్తుంది.

టాడ్‌పోల్‌లో బరువైన భాగం, అంటే మనిషి, రెండు చక్రాల ఇరుసుకు దగ్గరగా కూర్చుంటాడు. ముందు చక్రాల మధ్య దూరం 75 సెంటీమీటర్లు, మనిషితో కలిపి గురుత్వ కేంద్రం నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో, బరువులో 65 శాతం ముందు ఇరుసుపై ఉందనుకుందాం. 8 మీటర్ల వ్యాసార్ధపు మలుపులో గంటకు సుమారు 23 కిలోమీటర్ల దగ్గర లోపలి చక్రం లేవడం మొదలవుతుంది. అదే బండిలో సీటు పెంచి గురుత్వ కేంద్రాన్ని 60 సెంటీమీటర్లకు తీసుకువెళితే ఆ హద్దు 20కి పడిపోతుంది. కొలతలు సమానంగా ఉన్న డెల్టాకూ ఇవే అంకెలు వస్తాయి, తేడా బ్రేకు వేసినప్పుడు కనబడుతుంది. మలుపులో బ్రేకు పట్టగానే బరువు ముందుకు జరుగుతుంది. టాడ్‌పోల్‌లో అది వెడల్పైన ఇరుసు వైపు జరిగి బండిని నిలబెడుతుంది, డెల్టాలో ఒంటి చక్రం వైపు జరిగి బండిని ఒరిగిస్తుంది. గాలిని చీల్చే రూపానికి కూడా టాడ్‌పోల్ అనుకూలమే. ముందు వెడల్పుగా మొదలై వెనుకకు సన్నగా ముగిసే నీటిచుక్క ఆకారం దానికి సహజంగా కుదురుతుంది.

అయినా డెల్టాను తీసిపారేయలేము. దాని సీటు ఎత్తు ఎక్కువ, పక్కనుంచి కుర్చీలో కూర్చున్నట్టు ఎక్కవచ్చు, పైన కప్పు ఉన్నప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. మోకాళ్లు, నడుము సహకరించనివారు నేలకు పాతిక సెంటీమీటర్ల ఎత్తులోని సీట్లోంచి, తల పైన కప్పు తగలకుండా లేవడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడాలి. వెనుక రెండు చక్రాల మధ్య పెద్ద సామాను పెట్టె కుదురుతుంది, తిరగడానికి తక్కువ చోటు చాలు, ముందు చక్రం మామూలు సైకిల్ ఫోర్కుతోనే సరిపోతుంది. నిదానంగా వెళ్లేవారికి, సామాను మోసేవారికి, వయసు పైబడినవారికి నేను డెల్టానే సూచిస్తాను. మిగతావారికి టాడ్‌పోల్.

టాడ్‌పోల్ కట్టేవారు ముందు చక్రాల దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇరవై అంగుళాల చక్రం వ్యాసం ఇంచుమించు 50 సెంటీమీటర్లు. అది 30 డిగ్రీలు తిరిగితే దాని ముందు అంచు పన్నెండున్నర సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. రెండు వైపులా తిరిగే చోటు, టైరు మందం కలిపితే ఒక్కో చక్రానికి 30 సెంటీమీటర్ల వెడల్పు పెట్టె కావాలి. ఆ పెట్టెలు తొడుగు లోపల ఉంటే కాళ్ల చోటును తినేస్తాయి లేదా బండిని బాగా వెడల్పు చేస్తాయి. చక్రాలను తొడుగు బయటే వదిలి, వాటికి విడిగా మడ్‌గార్డులు బిగిస్తే గాలి లాభం కొంత తగ్గినా, పంక్చరు వేయడం, బ్రేకు సరిచేయడం సులువవుతుంది, తొడుగు 55 సెంటీమీటర్ల వెడల్పులో ముగుస్తుంది. మొదటిసారి కట్టేవారు బయటే వదలాలి. ఇందులో నాకు సందేహం లేదు.

హ్యాండిల్ తుంటి పక్కన ఉంటే చేతులకు విశ్రాంతి ఎక్కువ, కానీ మోచేతుల కోసం తొడుగు రెండు వైపులా వెడల్పవుతుంది. ఒళ్లో నిలువుగా ఉండే కర్ర లాంటి హ్యాండిల్ ఇరుకైన తొడుగుకు సరిపోతుంది. ఏది పెట్టినా రెండు నియమాలు తప్పకూడదు. ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ కడ్డీలను ఊహలో వెనక్కి గీతలుగా పొడిగిస్తే ఆ గీతలు వెనుక ఇరుసు మధ్యలో కలవాలి, లేకపోతే మలుపులో ఒక టైరు ఈడ్చుకుంటూ అరిగిపోతుంది. చక్రం తిరిగే కీలు అక్షాన్ని కిందికి పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటుకు చేరాలి, లేకపోతే ఒక వైపు బ్రేకు పట్టినప్పుడల్లా హ్యాండిల్ చేతుల్లోంచి గుంజుకుంటుంది.

తొడుగుకు ఏ పదార్థం

పూర్తి తొడుగుకు సుమారు నాలుగు చదరపు మీటర్ల పైపొర కావాలి. ఈ ఒక్క సంఖ్యతో పదార్థాలన్నిటినీ తూచవచ్చు.

ప్రకటన బోర్డులకు వాడే, రెండు పొరల మధ్య సన్నని గొట్టాలుండే ప్లాస్టిక్ షీటు నాలుగు మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు 700 నుంచి 800 గ్రాములు తూగుతుంది. పైపొర మూడు కిలోలు, పక్కటెముకలు, బిగింపులు కలిపినా ఐదారు కిలోలే. కత్తితో కోయవచ్చు, గొట్టాల వెంట గీత గీసి మడవవచ్చు, ప్లాస్టిక్ టైలతో కుట్టవచ్చు, తప్పు పోతే ఆ ముక్క పారేసి మరొకటి కోసుకోవచ్చు. దాని లోపాలు కూడా చెప్పాలి. ఒక దిశలోనే వంగుతుంది కాబట్టి గుండ్రని ముక్కు రాదు, ఈ షీటు ప్లాస్టిక్ అయిన పాలీప్రొపిలిన్‌కు మామూలు జిగురులు, పెయింట్లు అంటుకోవు, ఎండలో కొన్ని సంవత్సరాలకు పెళుసుబారుతుంది. గొట్టాల చివరలు మూయకపోతే నీళ్లు చేరి లోపల నాచు పడుతుంది. ఇన్ని లోపాలున్నా మొదటి తొడుగుకు దీనిని మించింది లేదు, ఎందుకంటే మొదటి తొడుగు కొలతలు తప్పుతాయి. నా మొదటి తొడుగులో మోకాళ్లకు వదిలిన ఎత్తు రెండు సెంటీమీటర్లు చాలలేదు. కాగితంపై అంతా సరిగ్గానే ఉంది, కానీ ఎత్తు ఎక్కేటప్పుడు మనిషి సీట్లో కిందికి జారతాడని, అప్పుడు మోకాళ్లు పైకి లేస్తాయని నేను లెక్కపెట్టలేదు. షీటు కాబట్టి ఒక మధ్యాహ్నంలో సరిదిద్దుకున్నాను. అచ్చులో పోసిన ఫైబర్ గ్లాస్ అయి ఉంటే అచ్చుతో సహా మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చేది.

ఫైబర్ గ్లాస్ అన్నిటికంటే అందమైన ఫలితం ఇస్తుంది. చదరపు మీటరుకు 300 గ్రాముల గుడ్డ రెండు పొరలు, అంతే బరువు రెసిన్ కలిస్తే చదరపు మీటరుకు 1.2 కిలోలు, మొత్తం ఐదు కిలోలు. అంత పలుచని గుల్ల ఊగుతుంది కాబట్టి నురగ పట్టీలతో పక్కటెముకలు వేయాలి, అప్పుడు ఏడెనిమిది కిలోలకు చేరుతుంది. అచ్చు చేయడానికి పట్టే శ్రమ గుల్ల పోయడానికి పట్టే శ్రమకు ఎన్నో రెట్లు. రెసిన్ ఆవిరి, సానపట్టేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచివి కావు, ఇంటి గదిలో చేసే పని కాదు. కొలతలన్నీ షీటు తొడుగుతో ఏడాది పాటు పరీక్షించాక, రెండో బండికి దీనిని తలపెట్టవచ్చు.

అల్యూమినియం రేకును రివెట్లతో కలిపి, రేకే చట్రంగా పనిచేసేలా కట్టే పద్ధతి మరొకటి. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఆలెవేడర్ అనే వాహనం ఇలాగే తయారై, కొనుక్కుని ఇంట్లో బిగించుకునే విడిభాగాలుగా కూడా అమ్ముడైంది. ఒక మిల్లీమీటరు రేకు చదరపు మీటరుకు 2.7 కిలోలు కాబట్టి నాలుగు చదరపు మీటర్లకు దాదాపు 11 కిలోలవుతుంది, అయితే విడిగా చట్రం అవసరం తగ్గుతుంది కనుక ఆ బరువును పూర్తిగా తొడుగు ఖాతాలో వేయకూడదు. రేకు పని తెలిసినవారికి ఇది గొప్ప దారి. తెలియనివారికి మాత్రం డబ్బా చప్పుడు తప్ప ఏమీ మిగలదు. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిది కిలోల దగ్గర ముగుస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది, అంచుల్లో నీరు దిగకుండా వార్నిష్ పూత మాత్రం మానకూడదు.

గుడ్డ తొడుగు, అంటే సన్నని కమ్మీలపై నైలాన్ గుడ్డను బిగించి కట్టేది, అన్నిటికంటే తేలిక, విప్పి మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. బిగువు తగ్గితే గాలికి పటపటా కొట్టుకుంటుంది, ఆ చప్పుడుతో పాటు గాలి లాభమూ పోతుంది. నేలపై పరుచుకునే మూసిన కణాల నురగ చాప పది మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు 300 గ్రాములే. అది రెండు దిశల్లోనూ కొంత వంగుతుంది, చైను చప్పుడును మింగేస్తుంది, ఎవరికైనా తగిలినా గాయం చేయదు. ముక్కు భాగాన్ని నురగతో, పక్కలను గొట్టాల షీటుతో, పైకప్పును గుడ్డతో చేసే కలగలుపు తొడుగు చూడటానికి అతుకుల బొంతలా ఉన్నా పనితనంలో దేనికీ తీసిపోదు.

తల బయటా, లోపలా

వాన రక్షణ అనగానే తల కూడా లోపలే ఉండాలనుకుంటాము. కాళ్లతో 100 వాట్లు ఇచ్చే మనిషి శరీరం మరో 300 వాట్లకు పైగా వేడిని విడుదల చేస్తుంది. మూసిన గుల్లలో ఆ వేడి, చెమట ఎక్కడికీ పోవు. పావుగంటలో బయటి వానకు తడిసినంతగా లోపలి చెమటకు తడుస్తాము, ముందు గాజు ఆవిరితో మసకబారుతుంది. కాబట్టి తల లోపల ఉండే రూపం ఎంచుకుంటే ముక్కు దగ్గర కింద గాలి లోపలికి వచ్చే మార్గం, భుజాల వెనుక అంతకంటే పెద్ద బయటికి పోయే మార్గం మొదటి గీతలోనే ఉండాలి, తరువాత రంధ్రాలు కొట్టుకుందామంటే కుదరదు. అడుగున అన్నిటికంటే దిగువన ఉన్న చోట నీళ్లు కారిపోయే రంధ్రం కూడా కావాలి.

తల బయట ఉండే రూపంలో మెడ వరకు తొడుగు, మెడ చుట్టూ గుడ్డ, తలపై అంచు ఉన్న టోపీ లేదా హెల్మెట్ సరిపోతాయి. చూపుకు అడ్డు ఉండదు, చుట్టూ వచ్చే వాహనాల చప్పుడు వినబడుతుంది. జడివానలో ముఖం తడుస్తుంది, అది ఒప్పుకోవలసిందే. మధ్యేమార్గంగా, ముందు అడ్డు పైఅంచును కళ్ల స్థాయికి నాలుగు వేళ్లు కిందకు ఉంచితే గాలి ఆ అంచు మీదుగా ఎగసి చాలా చినుకులను తల పైకి తోసేస్తుంది, చూపు మాత్రం అంచు మీదుగా నేరుగా రోడ్డుపై పడుతుంది. రాత్రి వానలో నీటిచుక్కలు పట్టిన ప్లాస్టిక్ గుండా ఎదుటి దీపాలను చూసినవారెవరూ ఈ నాలుగు వేళ్ల విలువను కాదనరు. ఆ అడ్డుకు యాక్రిలిక్ వద్దు, దెబ్బ తగిలితే పదునైన పెంకులుగా పగులుతుంది. పాలీకార్బొనేట్ చల్లగా ఉండగానే వంగుతుంది, పగలదు, కానీ సులభంగా గీతలు పడుతుంది, బోల్టులు వదులు కాకుండా వేసే జిగురు ద్రవం తగిలితే చీలికలు తీస్తుంది.

చైను, బ్రేకుల గురించి కొద్దిమాటలు చాలు. మూడు చక్రాల బండికి మామూలు సైకిల్ చైనులు రెండున్నర నుంచి మూడు కలపాలి. బలం లాగే వైపు చైనును దారి మళ్లించే పళ్ల చక్రం (ఐడ్లర్) పెట్టాలి, తిరిగివచ్చే వైపు గొట్టం చాలు. ఒక వైపు నుంచే బిగించే ముందు ఇరుసులకు డ్రమ్ బ్రేకులు పెడితే అవి వానకు, బురదకు లొంగవు. నిలిపినప్పుడు కదలకుండా ఉండే బ్రేకు తప్పనిసరి. పెడల్ కడ్డీలు 170 మిల్లీమీటర్లకు బదులు 150 వాడితే పాదాల వలయం వ్యాసం నాలుగు సెంటీమీటర్లు తగ్గి, ముక్కు అంత సన్నబడుతుంది. ఇది ఖర్చు లేని గాలి లాభం.

ఎవరికి ఏది

సమతల దారిలో రోజూ పది, పదిహేను కిలోమీటర్లు ఒకే ఊపున వెళ్లేవారు టాడ్‌పోల్ చట్రం, బయట చక్రాలు, మెడ వరకు గొట్టాల షీటు తొడుగు ఎంచుకోవాలి. ఎత్తుపల్లాల దారిలో తిరిగేవారు తేలికైన రెండు చక్రాల రికంబెంట్‌కు ముందు అడ్డు, వెనుక పెట్టె బిగించుకుని, మిగతా తడికి వాన కోటుపై ఆధారపడటం మంచిది. సామాను, నిదానం, సులువుగా ఎక్కడం ముఖ్యమైనవారికి డెల్టా, పైన గుడ్డ కప్పు. వేసవి, వాన రెండూ తీవ్రంగా ఉండే చోట తొడుగు ఏదైనా పైభాగం ఒక్క నిమిషంలో విప్పగలిగేలా ఉండాలి. డెన్మార్క్‌లో కార్ల్ గేయోర్గ్ రాస్ముసెన్ 1980ల మొదట్లో తయారు చేసిన లైట్రా అనే మూడు చక్రాల వాహనానికి తొడుగు విడిగా తీసేసి, బండిని ఉత్తగా కూడా తొక్కే ఏర్పాటు ఉంది. ఇంత కాలం గడిచినా ఆ ఆలోచన పాతబడలేదు.

గొట్టాలు కొనకముందు ఒక పని చేయండి. నేలపై, గోడకు వీపు ఆనించి, కాళ్లు చాచి కూర్చుని, గోడ నుంచి అరికాళ్ల వరకు దూరం కొలవండి. సీటు, పెడళ్ల మధ్య దూరం దాని నుంచే వస్తుంది. పాత చెక్కలతో సీటు వాలు, పెడళ్ల ఎత్తు అమర్చి, చుట్టూ అట్టపెట్టెల ముక్కలతో మీరు అనుకున్న తొడుగును నిజమైన పరిమాణంలో నిలబెట్టండి. అందులో కూర్చుని మోకాళ్లు ఆడించండి, హ్యాండిల్ కర్రను రెండు వైపులా చివరిదాకా తిప్పండి, భుజం మీదుగా వెనక్కి చూడండి, ఎవరి సాయం లేకుండా లేచి బయటకు రండి. ఎక్కడ అట్ట చిరిగిందో అక్కడ కొలత మార్చి, మళ్లీ కూర్చుని చూడండి.